బ్రేకు మాస్టారి బాబాయి

కారు కదిలి పట్టుమని నలభై గజాలు పోలేదు, మూడోసారి టక్కున ఆగిపోయింది.

స్టీరింగు ముందు కూర్చున్న అమ్మాయి నిదానంగా తల తిప్పి పక్కసీటు వైపు చూసింది.

"మాస్టారూ, ఒక్క సందేహం. ఈ బండి నేర్చుకునేది నేనా, మీరా?"

"మీరేనండీ."

"మరి బ్రేకు మీరు తొక్కుతున్నారే?"

"కుక్క అడ్డం వచ్చింది కదండీ."

"అది కుక్క కాదు, గోనెసంచి. పైగా రోడ్డుకి అవతల పక్కనుంది."

"కదిలిందండీ."

"గాలికి కదిలింది. పోనీ, అంతకుముందు ఎందుకు ఆపారు?"

"ఒకాయన రోడ్డు దాటేలా కనిపించాడు."

"ఆయన బల్ల మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు!"

"లేచి దాటొచ్చు కదండీ," అన్నాడు మాస్టారు నీళ్లు నములుతూ.

డ్రైవింగ్ స్కూలు కార్లలో నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లు తడబడితే ఆదుకోవడానికి. మిగతా మాస్టార్లు దాన్ని నెలకి నాలుగుసార్లు వాడితే మనవాడు వీధికి నాలుగుసార్లు వాడతాడు. అందుకని శిష్యులంతా కూడబలుక్కుని అతనికి బ్రేకు మాస్టారని పేరు పెట్టేశారు. ఇరవై ఎనిమిదేళ్లకే మాస్టారనిపించుకోవడం గొప్ప సంగతే, ముందున్న ఆ ముక్క ఒక్కటీ లేకపోతే.

అమ్మాయి ఇంజను ఆపి అతని మొహంలోకి పరీక్షగా చూసింది.

"మిమ్మల్ని ఎక్కడో చూశాను... ఆఁ! మా మందుల షాపుకొచ్చారు, పోయిన వారం. మీ బాబాయిగారికి మాత్రలు తీసుకెళ్లారు. ఎలా ఉన్నారు బాబాయిగారు?"

మాస్టారి గుండెల్లో రైళ్లు పరిగెత్తాయి.

"బా... బాగానే ఉన్నాడండీ. క్లచ్ తొక్కండి."

ఆ బాబాయి సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఒక మధ్యాహ్నం మాస్టారు బ్యాంకులో వరసలో నిలబడి ఉండగా, ఏ కారణమూ లేకుండా ఛాతీ బిగుసుకుపోయింది. ఊపిరి అందలేదు. చేతులు మంచుముక్కల్లా అయిపోయాయి. అయిపోయింది, ఇంక అమ్మని చూడను అనుకున్నాడు. ఆసుపత్రికి పరిగెడితే ఈసీజీ తీశారు, రక్తం తీశారు. అన్నీ చూసిన డాక్టరమ్మ చిన్నగా నవ్వింది. "నీ గుండె గుర్రంలా ఉంది నాయనా. ఇది పానిక్ అటాక్. ప్రాణం పోతున్నట్టే ఉంటుంది, కానీ పోదు," అంది. పొద్దున్నే వేసుకోవడానికి ఒక మాత్ర రాసింది. వారానికోసారి కౌన్సెలర్ని కలవమంది. నాకు చెప్పకుండా మాత్రం మందు ఆపొద్దని రెండుసార్లు చెప్పింది.

ఈ మాట ఎవరితో చెప్పుకుంటాడు? స్కూలు ఓనరుకి తెలిస్తే పక్కసీటు ఊడుతుంది. అమ్మకి తెలిస్తే ఇంకేమన్నా ఉందా? అసలే ఆవిడ కొడుకు రెండు రింగులకి ఫోనెత్తకపోతే మూడో రింగుకి చెప్పులు తొడుక్కునే మనిషి. చెడ్డ కబురు రాకముందే ఏడ్చి పెట్టుకుంటే, వచ్చాక ఓపిక మిగులుతుందని ఆవిడ లెక్క.

అందుకే మందుల షాపులో ఈ అమ్మాయి, "ఎవరికండీ ఇవి?" అని మామూలుగా అడిగేసరికి, "మా బాబాయికి" అని నాలుక దానంతటదే అనేసింది. తీరా చూస్తే వాళ్ల నాన్న ఒక్కగానొక్క కొడుకు. బాబాయి అనేవాడు ఆ వంశంలోనే లేడు. లేనివాడికి రోగమొచ్చింది, పాపం.

మర్నాటి నుంచీ పాఠం సగం, బాబాయి సగం.

"ఇంతకీ మీకు డ్రైవింగ్ ఎందుకండీ?" అని అడిగాడు మాస్టారు, మాట మార్చాలని.

"మంచం దిగలేనివాళ్లు బోలెడుమంది మా షాపుకి ఫోన్ చేస్తారు. మందులు ఇంటికి తీసుకెళ్లి ఇద్దామని."

"మీ నాన్నగారికి రాదా డ్రైవింగ్?"

"ముప్పై ఏళ్లు బస్సు నడిపారు. కానీ ఆయన దగ్గర నేర్చుకుంటే బండి రాదు, తిట్లొస్తాయి. సరేగానీ, బాబాయిగారు రోజుకి ఎన్ని కాఫీలు తాగుతారు?"

"ఐదండీ."

"అమ్మో! దడ మనిషికి ఐదా? రెండు చాలని చెప్పండి."

బాబాయి ఆ రోజే రెండుకి దిగాడు. మూడు రోజులు మాస్టారికి తలనొప్పి.

"దడ వస్తే ఏం చేస్తారు బాబాయిగారు?"

"పారిపోతాడండీ. ఎక్కడుంటే అక్కణ్ణించి."

"పారిపోవద్దనండి. అదీ వెంటే వస్తుంది. ఉన్నచోటే ఉండి ఊపిరి నెమ్మదిగా వదలమనండి. లోపలికి నాలుగు లెక్కపెట్టి, బయటికి ఆరు. పిలవని చుట్టం వస్తే ఏం చేస్తాం? రా, కూర్చో అంటాం. మనం కంగారు పడకపోతే విసుగొచ్చి అదే లేచిపోతుంది."

"మా కౌన్సెలరు కూడా... అంటే, మా బాబాయి కౌన్సెలరు కూడా ఇదే చెప్పారండీ."

"చూశారా!" అని ఆ అమ్మాయి ముందుకే చూస్తూ గేరు మార్చింది. ఆమె పెదవి మూల ఏదో నవ్వు మెరిసి దాక్కుంది. మాస్టారు దాన్ని వెతికే పనిలో పడి, సందు మలుపులో బ్రేకు తొక్కడం మరిచిపోయాడు. ఏమీ కాలేదు. కారు చక్కగా తిరిగింది. ఆ రోజు లెక్క చూసుకుంటే మొత్తం మీద ఆరుసార్లే తొక్కాడు. మరో వారానికి రెండు.

పాఠం ఉన్న రోజు చొక్కా ఇస్త్రీ చేసుకోవడం మొదలుపెట్టాడు. లేని రోజు షాపుకి వెళ్లి, ఏ జబ్బూ లేకుండానే దగ్గుబిళ్లలు కొన్నాడు.

"మా బాబాయి అడగమన్నాడండీ, మీరు ఆదివారాలు ఏం చేస్తారని."

"బాబాయిగారికి నా ఆదివారాలతో ఏం పని?"

"ఊరికేనండీ. కాస్త ముచ్చటపడే మనిషి."

"పెళ్లయిందా ఆయనకి?"

"కాలేదండీ!" ఆ మాట కారు కంటే ముందు పరిగెత్తింది.

"అంత వయసొచ్చినా?"

"అంత వయసేం కాదు లెండి," అన్నాడు మాస్టారు రోషంగా.

ఇలా మనసు గాల్లో తేలుతున్న రోజుల్లోనే అతనికి ఓ తెలివితక్కువ ఆలోచన వచ్చింది. దడ తగ్గింది, నిద్ర పడుతోంది, ఇంకా ఈ మాత్ర దేనికి? రేపు ఈ అమ్మాయిని పెళ్లి చేసుకోమని అడగాలంటే, అడిగేవాడు మందులు మింగేవాడు కాకుండా ఉంటే బాగుండదా? అంతే, డాక్టరమ్మకి చెప్పాపెట్టకుండా మందు మానేశాడు.

పది రోజులు గడిచాయి. ఆ సాయంత్రం ఆకాశం చిల్లుపడ్డట్టు వాన. పెద్ద వంతెన ఎక్కే పాఠం. కారు వంతెన మొదట్లోకి రాగానే ఆ అమ్మాయి అడిగింది.

"బాబాయిగారు ఈ నెల మాత్రలకి రాలేదేం?"

"మానేశాడండీ. బాగైపోయాడు."

"ఎవరు మానమన్నారు?"

"ఆయనే..."

"మొదలుపెట్టింది డాక్టరు, మానేది బాబాయా? బాగైంది మందు వేసుకోబట్టే కదండీ! ఎప్పుడు ఎలా తగ్గించాలో వాళ్లు చెప్పాలి. ఇంత చదువుకున్న బాబాయి..."

మిగతా మాటలు మాస్టారికి వినపడలేదు. వాన చప్పుడు చెవుల్లోకి దూరి మోగుతోంది. వేళ్లు తిమ్మిరెక్కాయి. ఛాతీ మీద ఎవరో కూర్చున్నారు. పాతదే, అదే బ్యాంకు మధ్యాహ్నం, తలుపు తోసుకుని వచ్చేసింది. కాలు దానంతటదే బ్రేకు మీద పడి బిగుసుకుంది. కారు ఆగింది. వెనక హారన్లు.

ఆ అమ్మాయి ఒక్కసారి అతని వైపు చూసింది, అంతే. నాలుగు లైట్లూ మిణుకుమనేలా మీట నొక్కింది.

"మాస్టారూ, కాలు తీయండి."

అతను తల అడ్డంగా ఊపాడు.

"నేను నడుపుతాను. మీరే నేర్పారుగా. తీయండి."

తీశాడు. ప్రాణాన్నే వదులుతున్నట్టు వదిలాడు. కారు మెల్లగా కదిలి, వంతెన మొదట్లో పక్కకున్న ఖాళీ జాగాలోకి వెళ్లి నిలబడింది. ఇంజను ఆపింది గానీ వైపర్లు ఆపలేదు.

"ఆ వైపర్నే చూడండి. అటెళ్లి ఇటొస్తే ఒకటి. రెండు లోపలికి. మూడు బయటికి. తొందరేం లేదు, వానే తగ్గలేదు, మనమెక్కడికి పోతాం? ఊఁ, వదలండి... బాగా చేస్తున్నారు బాబాయిగారూ."

మూడుసార్లు ఊపిరి వదిలాక గానీ ఆఖరి మాట మాస్టారి బుర్రలోకి ఎక్కలేదు.

పది నిమిషాలకి అతని చేతులు చేతుల్లా అయ్యాయి.

"ఎప్పటి నుంచి తెలుసు?" అని అడిగాడు.

"మొదటిరోజే. మందుల చీటీ మీద ఇరవై ఎనిమిదేళ్లని రాసుంది. బాబాయి అంత లేతగా ఉంటాడా?"

"మరి ఎందుకు అడగలేదు?"

"మా పనిలో చీటీ మీదున్నది నోటి మీదకి రాకూడదు. పైగా మీ గురించి అడిగితే మీరు చెప్పేవారా? బాబాయి గురించైతే గలగలా చెప్పేవారు."

మాస్టారికి సిగ్గుతో నవ్వొచ్చింది, నవ్వుతో ధైర్యం వచ్చింది. "ఏమండీ, నేను మీకు ఎప్పటినుంచో ఒక మాట..."

"వద్దు." ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి. "వానలో, దడలో అన్న మాట చెల్లదు. రేపు డాక్టరమ్మని కలవండి. మీ అమ్మగారికి చెప్పండి. ఓనరుకి చెప్పండి. అప్పుడు మా ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చుని, మా నాన్న ముందు చెప్పండి. దాచిపెట్టుకున్న మనిషితో నాకు కుదరదు. మందు వేసుకునే మనిషితో అయితే..."

"అయితే?"

"ఆదివారాలు నాకు ఖాళీయేనని మీ బాబాయికి చెప్పండి."

మర్నాడు డాక్టరమ్మ చెవి మెలిపెట్టినంత పని చేసి మందు మళ్లీ మొదలుపెట్టింది. రెండు వారాలు బండి జోలికి పోవద్దంది. ఆ తర్వాత పరీక్షించి, పని చేసుకోవచ్చని రాసిచ్చింది. ఓనరు ఆ కాగితం రెండుసార్లు చదివి, "ఇన్నాళ్లూ కారు పాడైందనుకుని ఆ బ్రేకు మూడుసార్లు విప్పించానయ్యా!" అని నెత్తి కొట్టుకున్నాడు.

ఇంక అమ్మ మిగిలింది.

"అమ్మా, నీకో మాట చెప్పాలి."

"ఎవరికేమైంది?" చేతిలో గరిట కింద పెట్టేసింది ఆవిడ. "ఎవర్నైనా గుద్దావా? ఉద్యోగం పోయిందా? జైల్లో పెడతారా?"

"లేదమ్మా! నాకు..." అని బ్యాంకు దగ్గర్నుంచి వంతెన దాకా అంతా చెప్పాడు.

ఆవిడ ఊపిరి బిగబట్టి విన్నది. విని, కొంగుతో మొహం తుడుచుకుని, "ఇంతేనా?" అంది.

"ఇంతేనా అంటావేంటమ్మా?"

"ఆర్నెల్ల నుంచి నువ్వు తలుపేసుకుంటుంటే నేనేమేం అనుకున్నానో నీకేం తెలుసు నాన్నా! రాత్రిళ్లు నీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకున్నాను. దీనికి మందుంది, డాక్టరుంది. నేను అనుకున్నవాటికి ఏవీ లేవు." అప్పుడు ఏడ్చింది, హాయిగా. ఏడుస్తూనే అడిగింది. "ఆ పిల్ల అంత వానలో బండి పక్కకి తీసిందా? ఎప్పుడు వెళ్దాం వాళ్లింటికి?"

ఆదివారం నాడు బస్సు డ్రైవరుగారి ముందుగదిలో నాలుగు కుర్చీలు. ఆయన మీసాలు చూడగానే మాస్టారు కుర్చీ అంచుకి జరిగి కూర్చున్నాడు. అమ్మాయి నీళ్లు తెచ్చి, "ఆంటీ, ఫ్యాను కింద కూర్చోండి," అని అమ్మని సర్ది, తను తలుపు దగ్గర నిలబడింది.

మాస్టారు గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టాడు. బ్యాంకు, ఈసీజీ, మాత్ర, దాచడం, మానేయడం, వంతెన, మళ్లీ మొదలుపెట్టడం, ఏదీ వదల్లేదు.

పెద్దాయన సాంతం విని గడ్డం గోక్కున్నాడు.

"ముప్పై ఏళ్లు జనాన్ని ఎక్కించుకుని తిరిగినవాణ్ణి బాబూ, అందుకని అడుగుతున్నా. పాఠం మధ్యలో మళ్లీ వస్తే?"

"రావచ్చండీ. రాదని అబద్ధం చెప్పలేను. కానీ ఎలా మొదలవుతుందో ఇప్పుడు తెలుసు. ముందే బండి పక్కకి తీయించి ఆపుతాను. పక్కన కూర్చున్నవాళ్లకి ఉన్నమాట చెబుతాను. పోయేదాకా కూర్చుంటాను."

"హారన్లు కొడితే?"

"కొట్టుకోనిస్తానండీ."

పెద్దాయన మీసాలు కదిలాయి. "నాకు ఈ మాట తెలియడానికి పదేళ్లు పట్టింది," అన్నాడు. ఆయన అందరి వైపూ చూసి, మళ్లీ మాస్టారి వైపు చూశాడు. "అంతా బాగానే ఉంది అబ్బాయీ. ఇంతకీ ఎందుకొచ్చినట్టు?"

మాస్టారు నోరు తెరిచాడు, మూశాడు. కష్టమైన మాటలన్నీ రెండు వారాలు అద్దం ముందు బట్టీపట్టాడు. అసలు మాట ఒక్కటీ మరిచిపోయాడు!

తలుపు దగ్గర కిసుక్కుమని నవ్వు వినిపించింది.

"అయ్యో, అడగరా!" అని అమ్మ మోచేత్తో పొడిచింది. "నీ నోట్లో ఏమైంది? నాలుక తిరగట్లేదా? వేళ్లు తిమ్మిరిగా ఉన్నాయా? మంచినీళ్లు... అయ్యో, ఎవరైనా మంచినీళ్లు..."

"దడ కాదమ్మా, ఉండవే!" అని లేచి నిలబడ్డాడు మాస్టారు. తలుపు వైపు తిరిగాడు. "మీరంటే నాకు చాలా ఇష్టమండీ. మీకూ మీ నాన్నగారికీ అభ్యంతరం లేకపోతే మనం పెళ్లి చేసుకుందాం. అంతేనండీ. ఆలోచించుకోవడానికి ఎన్నాళ్లైనా..."

అప్పటికే అమ్మ కళ్లనీళ్లు పెట్టేసుకుంది. కాదంటే కొడుకేమైపోతాడోనని సగం, అవునంటే ఈ పిల్ల ఏం వేగుతుందోనని సగం.

అమ్మాయి అతనికి జవాబు చెప్పలేదు. గబగబా వచ్చి ఆవిడ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చేతిలో మంచినీళ్ల గ్లాసు పెట్టింది.

"ఏడవకండి అత్తయ్యా, నేనున్నాగా," అంది.