ఎండాకాలంలో చలిదగ్గు

“ఈ సర్వే నువ్వు చెయ్యలేదు మహిమా. ఇంట్లో కూర్చొని రాసుకున్నావు.”

ఫోన్‌లోంచి కాలేజీ లెక్చరరు చంద్రమోహన్ సార్ గొంతు వంటింటి దాకా వినిపించింది. ఆదివారం పొద్దున్నే సార్ తనంతట తాను ఫోన్ చేశాడంటే మంచికి కాదని మహిమకు ముందే తెలుసు. స్పీకర్ ఆపేద్దామని చూసింది. పగిలిన ఆ ఫోన్‌కు స్పీకర్ తప్ప ఇంకేదీ పనిచేయదు.

“లేదు సార్. ప్రతి ఇంటికీ పోయినాం. నేనూ క్రిస్టినా.”

“పోయి ఏం తెచ్చారు? రాళ్ళు కోసి పాలిష్ పట్టేవాళ్ళ ఆరోగ్యం మీద ప్రాజెక్టు. ‘పొడిదగ్గు వస్తుందా?’ అనేది నీ ముఖ్యమైన ప్రశ్న. ఎవరిని అడిగినా ‘లేదు’. పేటంతా వెతికినా ఒక్క ‘అవును’ లేదు!”

వంటింట్లో టిఫినుకు ఉగ్గాని చేద్దామని నానబెట్టిన బొరుగులు పిండుతున్న తల్లి జీవమ్మ చేతులు ఆగిపోయాయి. ముందు గదిలో చర్చికి తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటున్న తండ్రి దావీదురాజు చెయ్యి కూడా ఆగింది. చొక్కా మాడిన వాసన వచ్చేదాకా ఆయన ఇస్త్రీపెట్టె ఎత్తలేదు.

“పదిమందిని అడిగితే పది రకాలుగా చెప్తారు. అందరూ ఒకే మాట చెప్పారంటే, ఒకే చెయ్యి రాసి ఉండాలి, లేదా ఒకే నోరు చెప్పించి ఉండాలి. ఏదో తేల్చుకొని రేపు వైవాకు రా. దొంగలెక్క అని తేలితే సున్నా వేస్తాను. డిగ్రీ ఆగిపోతుంది.”

“సార్, ఒక్క నిమిషం...”

“జవాబులు చూసి ఏడవకు. ముందు నీ ప్రశ్నను నువ్వు చదువుకో.” ఫోన్ పెట్టేశాడు.

దావీదురాజు దగ్గాడు. గోడకు చెయ్యి ఆనించి, వంగి, చాలాసేపు దగ్గాడు. “చలిదగ్గు” అన్నాడు, ఎవరూ అడగకముందే.

బయట రోహిణి కార్తె ఎండ అప్పుడే రేకుల మీద చిటపటమంటోంది.

బేతంచెర్ల అవతల ఉన్న ఆ రాళ్ళపేటలో ఏ ఇంటి మగవాడైనా పనికి పోయేది పాలిష్ ఫ్యాక్టరీకే. దావీదురాజు అక్కడ మేస్త్రి. మహిమ ఆరో తరగతి నుంచీ కర్నూలు హాస్టళ్ళలో చదువుకుంది. పేటలో ఆమె అందరికీ తెలుసు. ఆమెకు మాత్రం పేట సెలవుల్లోనే తెలుసు. ప్రాజెక్టుకు సొంత ఊరిని ఎంచుకున్నప్పుడు, ఇంతకన్నా తేలికైన పని ఉండదనుకుంది.

ఒకే చెయ్యి, లేదా ఒకే నోరు. ముందు చెయ్యి సంగతి చూద్దామని, సర్వేలో సగం ఇళ్ళు తిరిగిన పేట స్నేహితురాలు క్రిస్టినాను పిలిపించింది.

“నిజం చెప్పు మే. నీ వాటా కాగితాలు ఇళ్ళకు పోయి నింపినావా, మీ ఇంట్లో ఫ్యాను కింద నింపినావా?”

క్రిస్టినా నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “ఏందీ? వరమ్మవ్వ కుక్క తరిమితే ఒక చెప్పు ఆడే ఇడిసిపెట్టి వచ్చినా. ఇంగా ఆ చెప్పు దాని నోట్లోనే ఉండాది, పోయి చూస్కో. ఫ్యాను కింద కూర్చున్నోళ్ళను కుక్కలు తరుముతాయా?”

మహిమకు నవ్వొచ్చింది, కానీ అది పెదవి దాకా రాలేదు. “మరి అందరూ ఒకటే మాట ఎట్ల చెప్తారే?”

“నన్ను తిట్టొద్దు మళ్ళ.” క్రిస్టినా ముందు గది వైపు చూసి గొంతు తగ్గించింది. “మీ నాయన ఆడ మేస్త్రి. మనకన్నా ముందే ఎవురో ఇంటింటికీ ఒక మాట చెప్పి పెట్టింటే?”

“ఎవురో అంటే?”

“నేనేం పేరు చెప్పలా తల్లీ.”

చెప్పలేదు. కానీ చెప్పినట్టే. క్రిస్టినా వెళ్ళిపోయాక మహిమ తిన్నగా తండ్రి ముందుకు వెళ్ళి నిలబడింది.

“నాయనా, నువ్వేమన్నా వాళ్ళకు చెప్పినావా?”

“ఏమని?”

“దగ్గు లేదని చెప్పమని.”

దావీదురాజు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఒక గుండీ తప్పు కాజాలో దూరింది. విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు. “నేనెవురికీ ఏమీ చెప్పలా. ఎవురూ చెప్పాల్సిన పని గూడా లేదు.”

ఆ రెండో మాట ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపిక కూడా లేదు. “అయితే నేను దొంగనా? ఈ ఎండలో తిరిగి తెచ్చింది దొంగలెక్కనా?”

“ఈ దగ్గుల గోల నీకెందుకు పాపా? మహానందికొచ్చే జనం మీద రాసుకో, శనగ పంట మీద రాసుకో. ఈ పేటలో మాత్రం ఆ ప్రశ్న అడగాకు. ఆ రాయే మనకు కూడు పెడతాండాది. నిన్ను కర్నూల్లో చదివించింది గూడా ఆ రాయే.”

“వైవా రేపు నాయనా! ఇప్పుడు శనగల మీద ఏం రాయాల?”

“రాయలేకపోతే ఆ సున్నానే తెచ్చుకో పో!”

అరిచిన అరుపు దగ్గుగా మారింది. ఈసారి అది ఆగలేదు. ద్వారబంధం పట్టుకున్న ఆయన వేళ్ళు తెల్లబడ్డాయి. జీవమ్మ పరుగున వచ్చి బెల్లంముక్క చేతిలో పెట్టింది. ఆయన దాన్ని బుగ్గన పెట్టుకొని, బైబిలు చంకలో ఇరికించుకొని, కూతురి వైపు చూడకుండా వీధిలోకి నడిచాడు. ప్రార్థన మొదలు కావడానికి ఇంకా చాలా పొద్దుంది.

మహిమ అక్కడే నిలబడిపోయింది. ఆ బెల్లంముక్క దగ్గరే ఆమె ఆలోచన ఆగిపోయింది.

సర్వేకు పోయిన ప్రతి ఇంట్లోనూ నీళ్ళతో పాటు బెల్లం ఇచ్చారు. మర్యాద అనుకుంది. కానీ ఆ డబ్బాలు వంటింట్లో లేవు. మగవాళ్ళు పడుకునే మంచాల దగ్గర, చెయ్యి చాపితే అందేచోట ఉన్నాయి. దగ్గు లేని ఇళ్ళల్లో మంచం పక్కన బెల్లం ఎందుకు?

కాగితాలన్నీ వంటింటి బండల మీద పరిచింది. జవాబులు చదవలేదు. సార్ చెప్పినట్టు ప్రశ్నను చదివింది. పొడిదగ్గు వస్తుందా? పాఠ్యపుస్తకంలోంచి ఉన్నదున్నట్టు దించిన ప్రశ్న అది. తప్పేమీ కనిపించలేదు. ఇంకోసారి చదివింది. వరమ్మవ్వ కొడుకు కాగితం అంచున, పెన్సిలుతో క్రిస్టినా రాసుకున్న వరమ్మవ్వ మాట కనిపించింది. కుక్క మొరుగుతుంటే హడావిడిగా రాసిన మాట. ‘పొడిదగ్గా? ప్రభువా, మావానికి అదెందుకుంటాది? వానిది చలిదగ్గు.’

దాన్ని మహిమ ‘లేదు’ అని లెక్కలో వేసుకుంది.

“అమ్మా, పొడిదగ్గంటే ఏంది?”

జీవమ్మ చేతిలోని గరిటె గిన్నెకు తగిలి ఠంగుమంది. “ఇంట్లో ఆ మాట అనొద్దు.”

“మాటంటే ఏమైతాది? కళ్ళె పడకుండా వచ్చే దగ్గే కదా. మా పుస్తకంలో అంతే ఉంది.”

“మీ పుస్తకంలో పొడి అంటే తడి లేనిది.” జీవమ్మ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. పొద్దున్నే తుడిచిన కిటికీ గూడు. చూపుడువేలితో దాని మీద ఒక గీత గీసి, ఆ వేలు కూతురి ముఖం ముందు పెట్టింది. వేలి కొన పాలలో ముంచినట్టు తెల్లగా ఉంది. “ఈడ పొడి అంటే ఇది.”

మహిమ బండల మీద పరిచిన కాగితాల వైపు తిరిగింది.

తను ఇంటింటికీ తిరిగి మామూలు దగ్గు గురించి అడిగాననుకుంది. వాళ్ళకు మాత్రం ఇంకోటి వినిపించింది. రాతిపొడి నీ లోపలికి పోయిందా, నువ్వు పనికి రాకుండా పోయావా, అని. అదీ మేస్త్రి కూతురి నోటి నుంచి!

“లేవి మామ గుర్తుండాడా నీకి?” జీవమ్మ గొంతు వంటింటి గోడలు కూడా వినకూడదన్నట్టు ఉంది. “మీ నాయన జతగాడు. ఇద్దరిదీ ఒకటే మిషను. నువ్వప్పుడు హాస్టల్లో ఉండావు. ఒకదినం ఫ్యాక్టరీ గేటుకాడ అందరి ముందర అనేసినాడు, ‘నాకి పొడిదగ్గు పట్టింది, ఏమన్నా చూడండి’ అని. తెల్లారి గేటులోపలికి రానియ్యలా. పొడిదగ్గోళ్ళకు ఈడ పని లేదన్నారు. ఆ ఏడే పాయె మనిషి. అప్పట్నుంచీ పేటలో అందరిదీ చలిదగ్గే.”

“రోహిణి కార్తెలో కూడానా?”

“రోహిణి కార్తెలో గూడా.”

“నాయనది?”

జీవమ్మ ఆ తెల్లటి వేలిని కొంగుకు తుడుచుకుంది, మళ్ళీ మళ్ళీ తుడుచుకుంది. “ఆసుపత్రికి పోదాం పా అంటే రాడు. డాక్టరు దానికి పేరు పెడతాడని బయం. పేరు పెట్టనంతవరకూ అది లేనట్టే అనుకుంటాడు మీ నాయన.”

మహిమ కాగితాలు ఒక్కొక్కటిగా ఏరి దొంతి పెట్టింది. ఇప్పుడు ఆమె చేతిలో జవాబు ఉంది. రేపు సార్ ముందు నిలబడి, తప్పు జనానిది కాదు, నా ప్రశ్నది అని చెప్పొచ్చు. ఒక్క మాటకు రెండు అర్థాలున్నాయని, ఆ రెండో అర్థం వెనక ఒక మనిషి చావు ఉందని రాయొచ్చు. సున్నా తప్పడమే కాదు, కాలేజీ అంతా మెచ్చుకుంటుంది.

ఆ తర్వాత? మేస్త్రి కూతురు ఏం రాసిందో ఫ్యాక్టరీకి తెలియకుండా ఉండదు. మొదట గేటు బయటికి పోయేది ఎవరో ఆమెకు వేరే చెప్పక్కర్లేదు.

కాగితాల సంచి భుజానికి తగిలించుకొని చర్చి దారి పట్టింది. వెనక జీవమ్మ నడిచింది.

దావీదురాజు చర్చి మెట్ల మీద ఒంటరిగా కూర్చొని ఉన్నాడు. కూతుర్ని చూసి కాస్త పక్కకు జరిగాడు. ఆమె కూర్చుంది.

“నాయనా, ఈ ప్రాజెక్టు ఇయ్యను. వేరేది రాసుకుంటా.”

“రేపటికి ఎట్లయితాది?”

“కాదు. సున్నా వేస్తాడు. వచ్చే ఏడు మళ్ళీ రాస్తా.”

“దొంగలెక్క రాసిందంటారు గదా నిన్ను?”

“అననీ.” సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ అంది. “అమ్మ లేవి మామ సంగతి చెప్పింది. నాకు సున్నా వస్తే మళ్ళీ రాసుకోవచ్చు నాయనా. నీకేమన్నా అయితే...”

దావీదురాజు ఆమె తల మీద చెయ్యి వేయబోయి, అరచేతిని ఒకసారి చూసుకొని, తొడకు తుడుచుకొని, అప్పుడు వేశాడు. గంట కొట్టారు.

లోపల మగవాళ్ళు ఒకపక్క, ఆడవాళ్ళు ఒకపక్క చాపల మీద కూర్చున్నారు. పాటలయ్యాయి. వాక్య ప్రసంగం అయ్యింది. ప్రతి ఆదివారం లాగే చివర్లో ప్రార్థన విన్నపాలు వచ్చాయి. పాస్టరు యేసుప్రసాద్‌కు అవి నోటికి వచ్చు. ఫలానా ఇంటి గొడ్డు ఈనడం, ఫలానా పిల్లకు సంబంధం కుదరడం, ఆ తర్వాత వరుసగా దగ్గులు.

“వరమ్మ కొడుకు చలిదగ్గు కోసం... మన దావీదురాజన్న చలిదగ్గు కోసం...”

“ఆగండయ్యా.”

దావీదురాజు లేచి నిలబడ్డాడు. ఆడవాళ్ళ వైపు జీవమ్మ కూతురి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“నా బిడ్డ దొంగలెక్క రాసిందని కాలేజీలో అంటాండారు. అది ఎండనక మీ వాకిళ్ళన్నీ తిరిగింది. మీరు చెప్పిందే రాసుకుంది. దొంగమాట చెప్పింది మనం. దొంగ అనే పేరు మాత్రం దానికొచ్చె.”

“కూర్చోప్పా దావీదూ, ఇప్పుడెందుకవన్నీ” అన్నారు వెనకనుంచి ఎవరో.

“కూర్చునే ఉండాం గదప్పా ఇన్నాళ్ళూ.” ఆయన వెనక్కి తిరిగాడు. “బండలు పగిలే ఎండ కాస్తాంటే చలిదగ్గేందప్పా? వారం వారం తప్పుడు పేరు మీద ప్రార్థన చేయిస్తాండాం. ఇంగ దేవునికి మాత్రం ఎట్ల తెలుస్తాది, దేన్ని బాగుచెయ్యాల్నో?”

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. వరమ్మవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె కళ్ళు అప్పటికే తడిగా ఉన్నాయి.

“పాపా, లెయ్.” దావీదురాజు కూతురి వైపు చూశాడు. “అన్ని ఇండ్లూ తిరిగినావు. మన ఇల్లు ఒక్కటి ఇడిసిపెట్టినావు. అడుగు.”

“వద్దు నాయనా.”

“కాగితం తీసుకొని అడుగు. నన్ను నాయనా అనాకు. వాళ్ళను ఎట్ల అడిగినావో అట్లే అడుగు.”

మహిమ లేచింది. సంచిలోంచి ఇంకా నింపని సర్వే కాగితం తీసింది. పెన్ను మూత ఎంత లాగినా ఊడలేదు. పక్క చాప మీద నుంచి క్రిస్టినా చెయ్యి చాపి ఆ మూత తీసింది. ప్రశ్న కంటికి ఆనడం లేదు. అయినా దాన్ని చూసి చదవాల్సిన అవసరం ఆమెకు ఇప్పుడు లేదు.

“దావీదురాజు గారూ...” తలెత్తి ఆయన్ని చూసింది. “మీకు పొడిదగ్గు వస్తుందా?”

చర్చిలో ఆ మాట పలికి ఎన్నేళ్ళయిందో. దాన్ని విన్న వాళ్ళలో ఒకరిద్దరు గుమ్మం వైపు చూశారు, బయట ఎవరైనా ఉన్నారేమోనని. దావీదురాజు చూడలేదు. జేబులో ఉన్న ఇంకో బెల్లంముక్క తీసి, ముందున్న చాప మీద పెట్టాడు.

“వస్తాది. రాసుకో పాపా, పెద్ద అక్షరాలతో రాసుకో. నా రొమ్ములో ఉండేది చలి కాదు. లేవిని తిన్నదీ చలి కాదు.” ఊపిరి అందక ఒక్క క్షణం ఆగాడు. మళ్ళీ అందుకున్నాడు, ఈసారి పేటంతా వినేటట్టు.

“పొడి.”