ఆ సీసా మూత

గట్టిపడిన బ్రౌన్ షుగర్‌ని మెత్తబరచడం తేలిక. సీసాలో తాజా బ్రెడ్డు ముక్క ఒకటి వేసి, మూత బిగించి వదిలెయ్యాలి. మర్నాటికి బ్రెడ్డు అట్టముక్కలా అవుతుంది, చక్కెర తడి ఇసుకలా విడిపోతుంది. తడి ఎప్పుడూ ఉన్నచోటి నుంచి లేనిచోటికి పోతుంది. మూత ఉంటే ఆ రెండూ పంచుకుంటాయి. లేకపోతే గాలి తాగేస్తుంది. ఉద్యోగమంతా పిల్లలకి సైన్సు చెప్పినదాన్ని కదా, అలవాటు పోలేదు. ఈ ముక్క మాత్రం గుర్తుపెట్టుకోండి.

మా అమ్మాయి ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. వంటగది పెద్దదని ఈ వేసవిలో ఈ అద్దె ఇంటికి మారాం. వంటగదిని ఆనుకుని ఒక చిన్న గది, అందులో ఇంతకు ముందున్నవాళ్ళు వదిలేసి పోయిన పాత ఏసీ. నా మోకాళ్ళకి ఏసీ పడదు. అందుకని మధ్యాహ్నాలు మనవరాలు ఒక్కతే అక్కడ పడుకునేది. ఇంకా బడిలో చేరని పిల్ల. గుండ్రంగా ఉంటుందని నేను బుడంకాయ అంటాను.

మొదట చక్కెర రాయయింది. బ్రెడ్డు వేశాను. మర్నాడు చూస్తే బ్రెడ్డూ రాయే, చక్కెరా రాయే. మూత బిగించే ఉంది. మరి తడి ఎటు పోయినట్టు?

తర్వాత బుడంకాయ పెదాలు పగిలాయి. చేతులు పొలుసులు లేచాయి.

"ఏసీ గాలికి అంతేలే అమ్మా. గదిలో తడంతా అది లాగేస్తుందని నువ్వేగా చెప్పావు?" అంది అమ్మాయి.

"గదిలో తడి అన్నానే తల్లీ, పిల్లలో తడి అనలేదు."

ఆ రోజే పిల్ల గుమ్మం తట్టుకుని పడి మోకాలు చీరుకుంది. నోరంతా తెరిచి ఏడ్చింది. ఒళ్ళోకి తీసుకుని చెంపలు తుడవబోయాను. పొడిగా ఉన్నాయి. అంత ఏడుపులోనూ కంట్లో ఒక్క చుక్క లేదు...

మెకానిక్‌ని పిలిపించాను. ఫిల్టరు తీసి దులిపాడు, నీళ్ళు పోయే గొట్టం ఊది చూశాడు, మీటరు పెట్టాడు. మళ్ళీ పెట్టాడు.

"అమ్మగారూ, ఇందులో గ్యాసు లేదు. ఎప్పుడో కారిపోయింది."

"మరి చల్లగాలి?"

"రాకూడదు."

"వస్తోందిగా నాయనా?"

అతను చెయ్యి చాపి చూసుకుని, చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. "రాకూడదండీ," అన్నాడు మళ్ళీ. స్క్రూడ్రైవరు మంచం మీదే మర్చిపోయి వెళ్ళిపోయాడు.

పెరట్లోకి వెళ్ళాను. గొట్టం కింద బకెట్టు పొర్లిపోతోంది. గ్యాసు లేనిదే చలి పుట్టదు. చలి లేనిదే గాల్లో తడి నీళ్ళుగా మారదు. మరి ఈ నీళ్ళు ఎక్కడివి? వేలు ముంచి నాలిక్కి తగిలించుకున్నాను.

ఉప్పగా ఉన్నాయి.

"బుడంకాయని పక్కింటి పిన్నిగారి దగ్గరికి తీసుకెళ్ళు," అన్నాను అమ్మాయితో.

"ఇల్లు ఖాళీ చేసేద్దామమ్మా. నాకు భయంగా ఉంది."

"మనం పోతే ఈ గదిలోకి ఇంకొకరి పిల్ల వస్తుంది. పోవలసింది మనం కాదు. నడు!"

ఇంటి మెయిను స్విచ్చి ఆపేశాను. మైదా ముద్ద కలిపి గొట్టం మూతిలో కూరాను. చక్కెర సీసాలోంచి బ్రెడ్డు తీసేసి, రాయిలాంటి ఆ చక్కెరతో గదిలోకి వెళ్ళాను. తలుపు కింద సందులో తువ్వాలు దోపి, పరదాలు లాగాను. ఎర్రటి ఎండ బయటే ఆగిపోయింది.

చీకటి. కరెంటు లేదు. అయినా ఏసీ సన్నగా మూలుగుతోంది. ఉమ్మి రాసి పలక తుడిచిన గుడ్డ వాసన... ముందు సన్నగా, తర్వాత ముక్కులు మూసుకుపోయేంతగా. నాలుక అంగిలికి అంటుకుంది. రెప్ప వాలుస్తుంటే కళ్ళు గరగరమన్నాయి. పెదవి చిట్లింది.

"దాహం..."

చిన్నపిల్ల గొంతు.

"దాహమైతే అడగాలి," అన్నాను. నా గొంతు నాకే ఎండుటాకులా వినబడింది. "దొంగతనంగా తాగకూడదు."

"దాహం... అమ్మమ్మా..."

అక్కడి నుంచి కదల్లేదు. "నేను నీకు అమ్మమ్మని కాను. దాని కన్నీళ్ళు దానికి కావాలి. నన్ను బెదిరించాలని చూస్తున్నావేమో, అల్లరి పిల్లల్ని చూసీ చూసీ ముసలిదాన్నయ్యాను. నీలాంటి వాళ్ళు చివరి బెంచీలో బోలెడుమంది ఉండేవాళ్ళు."

ఏసీ గడగడలాడింది. తాగినదానికి బయటికి పోయే దారి లేదు. దాని ముందరి రేకు అంచున ఒక చుక్క వేలాడింది. సీసా ఎత్తి పట్టాను.

"ఇదిగో. నీకంటే ఎక్కువ దాహం ఉన్నది."

చుక్క పడింది. చక్కెర పీల్చేసింది. ఇంకొకటి... ఇంకొకటి... సీసా దించలేదు. "అమ్మమ్మా" అనే పిలుపు పైనుంచి కాదు, సీసాలోంచి వస్తోంది...

మూత బిగించాను.

మూలుగు ఆగింది. వేసవి వేడి దుప్పటిలా మీద పడింది. పక్కింట్లో బుడంకాయ బిగ్గరగా ఏడ్చింది. అమ్మాయి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, కన్నీళ్ళు! కన్నీళ్ళొస్తున్నాయి దానికి!"

ఏసీ పీకించి, గోడ కన్నం పూడ్పించాం. సీసా మాత్రం నా బల్ల మీదే ఉంచుకున్నాను. బయట పారేస్తే ఎవరో ఒకరు మూత తీస్తారు. ఆ బల్ల దగ్గరే బుడంకాయకి పలక మీద అక్షరాలు దిద్దిస్తున్నాను.

నిన్న సీసా లోపల ఆవిరి పట్టింది. అందులో ఎవరో వేలితో 'అ' రాశారు. తిరగేసి ఉంది. లోపలి నుంచి రాస్తే బయటికి అలాగే కనబడుతుంది. భయపడితే లోకువైపోతానని, "వంకరగా ఉంది. మళ్ళీ దిద్దు," అన్నాను.

ఈ రోజు మళ్ళీ 'అ' ఉంది. వంకర కొంచెం తగ్గింది. తిరగేసి లేదు, సరిగ్గానే ఉంది. వేలితో తాకితే చెరిగింది. ఆవిరి సీసా బయట ఉంది. మూత బిగించినట్టే ఉంది.

కుర్చీ లాక్కుని మనవరాలిని ఆనుకుని కూర్చున్నాను. బలపం చేతిలోకి తీసుకున్నాను.

"రా," అన్నాను సీసా వైపు చూసి, గట్టిగా. "ఇక్కడ కూర్చుంటే మాత్రం నేను చెప్పినట్టు వినాలి."

నా మాట పూర్తికాకముందే బుడంకాయ తన పలక కొంచెం పక్కకి జరిపి, అవతలివైపు చోటిచ్చింది.