పదిహేడో నంబరు బిళ్ళ

ఆ కోల్డ్ స్టోరేజీకి అది ఆఖరి రోజు. చేపల పెట్టెలు, బఠాణీ సంచులు, ఐస్‌క్రీం డబ్బాలు అన్నీ ఊరవతల కట్టిన కొత్త భవనానికి వెళ్ళిపోయాయి. మిగిలిందల్లా గాజు గదిలో ఒక కంప్యూటరు, దాని ముందు కూర్చున్న ఆవిడ, చల్లగది తలుపు దగ్గర పనిముట్ల సంచీతో ఒక ఎలక్ట్రీషియను. సాయంత్రం నాలుగింటికి మెషిన్లు ఆపేసి తాళాలు అప్పజెప్పేస్తే పని అయిపోయినట్టే.

ఆవిడని అక్కడ అందరూ కంప్యూటరమ్మ అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది ఎవరో కాదు, కట్టుకున్న మొగుడే. ఆయనా అక్కడే పని, చల్లగదిలో. ఆయన నంబరు పదిహేడు.

రెండేళ్ళ కిందటిదాకా ఆ గిడ్డంగి అచ్చం సంతలా ఉండేది. ఏ పెట్టె ఎక్కడుందో పెట్టినవాడికే తెలియదు. ఒక్క పెట్టె కోసం ఇద్దరు మనుషులు కాళ్ళరిగేలా తిరిగేవాళ్ళు. ఈలోగా వెనక వరుసల్లో సరుకు గడువు దాటిపోయి పారబోతకి వెళ్ళేది. అప్పుడొచ్చింది సాఫ్ట్‌వేరు. మనిషికో చిన్న యంత్రం చేతికిచ్చారు. నాలుగో వరుస, ఎడమవైపు, పై అర... అని దాని తెర మీద దారి చూపిస్తుంది. ముందు పాడయ్యేది ముందు తియ్యమంటుంది. గంట పని పావుగంటకొచ్చింది. పారబోత ఆగిపోయింది. ఉన్నమాట చెప్పుకోవాలి, అది మంచి సాఫ్ట్‌వేరే. దాన్ని అందరికంటే ముందు నేర్చుకున్నది ఆవిడే. "మా ఇంట్లోనే ఉంది కంప్యూటరు, అన్నం కూడా వండిపెడుతుంది!" అని ఆయన కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు.

పాత పద్ధతొకటి ఉండేది. చల్లగది పక్క గోడకి వరసగా మేకులు. లోపలికి వెళ్ళేవాళ్ళు తమ నంబరున్న రేకుబిళ్ళ అక్కడ తగిలించి వెళ్ళాలి, బయటికొచ్చాక తీసుకోవాలి. ఒక్క బిళ్ళ వేలాడుతున్నా తలుపు వెయ్యకూడదు. ఆయనకి ఇది ఎంత అలవాటంటే, ఇంటి గుమ్మం బయట కూడా ఒక మేకు కొట్టాడు. ఇంటికి రాగానే బిళ్ళ దానికి తగిలించేవాడు. "నేను లోపలున్నా తల్లీ, చూసి మరీ తాళం వేసుకో" అనేవాడు. ఆవిడ పడీ పడీ నవ్వేది.

సాఫ్ట్‌వేరు వచ్చాక బిళ్ళల్ని ఎవరు చూస్తారు? లోపల ఎంతమంది ఉన్నారో తెరే చెబుతోంది. తలుపు కూడా గాజు గదిలో మీట నొక్కితే పడిపోతుంది.

పోయినేడాది ఇదే నెలలో, ఇలాగే నాలుగింటికి, తెర మీద ‘లోపల: 0’ అని కనబడింది. ఆవిడ నొక్కింది.

చలికి ఆయన చేతిలో యంత్రం బ్యాటరీ చచ్చిపోయింది. పది నిమిషాలు యంత్రం పలక్కపోతే మనిషి బయటికి వెళ్ళిపోయినట్టే లెక్కగట్టేది సాఫ్ట్‌వేరు అప్పట్లో. లోపలి గొళ్ళెమేమో మంచుకి బిగుసుకుపోయి ఉంది. బిళ్ళ మాత్రం మేకుకి వేలాడుతూనే ఉంది. లేచి పది అడుగులు వేస్తే కనబడేది. ఆ రోజు పనయ్యాక స్నేహితుడి దగ్గరికి వెళ్ళొస్తానన్నాడు కాబట్టి, ఇంట్లో ఆవిడ చీకటి పడేదాకా ఎదురుచూడలేదు. తలుపు తీసేసరికి రాత్రి ఎనిమిదైంది.

విచారణ జరిగింది. తప్పు సాఫ్ట్‌వేరుదన్నారు, దాన్ని సరిచేశారు. ఆవిణ్ణి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

"లోపల్నుంచి చప్పుడేమైనా వినబడిందా అమ్మా?"

"లేదండీ."

వినబడింది. మూడుసార్లు. తలుపు తట్టినట్టు. ఆవిడ తెర వంక చూసింది. సున్నా ఉంది. గొట్టాల చప్పుడులే అనుకుని బ్యాగు భుజాన వేసుకుంది. ఈ సంగతి ఏడాదిగా గుండెలో మేకులా దిగబడి ఉంది. ఎవరికి చెప్పుకుంటుంది? ఏమని చెప్పుకుంటుంది?

పదిహేడో నంబరు బిళ్ళని ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు నాలుగుకి పది నిమిషాలుంది. ఆవిడ ‘మూసివేత’ నొక్కింది. తెర ఒప్పుకోలేదు.

లోపల: 1. నంబరు 17.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే.

మేనేజరుకి ఫోను చేసింది. "పాత లెక్కేదో ఇరుక్కుని ఉంటుందమ్మా. మీరే చేత్తో సున్నా కొట్టేయండి, అయిపోతుంది" అన్నాడాయన తేలిగ్గా.

వేలు మీట దాకా వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. ఈ చేత్తో ఆ సున్నా ఇంకోసారా? చచ్చినా కొట్టను, అనుకుంది. యంత్రం తీసుకుని లేచింది. తన ఇరవై మూడో నంబరు బిళ్ళ పదిహేడు పక్కన తగిలించింది.

"తమ్ముడూ, నేను వచ్చేదాకా తలుపు మీద చెయ్యి తియ్యకు."

"ఖాళీ గదిలో ఏముందక్కా?" అన్నాడు ఎలక్ట్రీషియను. ఆవిడ మొహం చూసి తలుపు పట్టుకున్నాడు.

లోపల దీపాలు అప్పటికే ఊడబీకేశారు. తలుపులోంచి పడే వెలుతురు రెండు వరుసలు దాటలేదు. పాత చేపల వాసన, తడి ఇనుము వాసన. ఫ్యాన్లు ఒకే శ్రుతిలో మూలుగుతున్నాయి. ఊపిరి వదిలితే మొహం ముందే తెల్లగా నిలబడిపోతోంది. చేతిలో యంత్రం వెలిగింది.

లోపల: 2.

తర్వాత, ఎవరూ అడక్కుండానే, దారి చూపించడం మొదలుపెట్టింది. నాలుగో వరుస. ఎడమవైపు...

ఆ అరల్లో ఏమీ లేదు. అయినా నడిచింది. ఏడో వరుస. కుడివైపు... తొమ్మిదో వరుస, చివరిదాకా... ఆవిడకి అప్పుడు తట్టింది. ఇది ఆ రోజు ఆయన నడిచిన దారి. తనే గాజు గదిలో కూర్చుని, ఆ క్రమంలోనే ఆయన్ని పంపింది.

వెనక్కి తిరగమంది యంత్రం. నేరుగా. ఇంకా నేరుగా... తలుపు దగ్గరికి. తెరిచి ఉన్న తలుపు రెక్కకీ గోడకీ మధ్య, చీకటి మూలకి.

ఇక్కడ.

లోపలికి వస్తూ తను దాన్ని దాటే వచ్చింది. రెక్కకి అవతల ఎలక్ట్రీషియను దగ్గడం వినబడుతోంది. రెండడుగుల దూరం.

"టోపీ పెట్టుకోలేదేం..."

అదే గొంతు. కాకపోతే సన్నగా, పళ్ళ మధ్య నుంచి.

ఆవిడకి మొదట వచ్చింది భయం కాదు. ఏడుపు. ఏడాదిగా ఎవరూ తనని అలా అడగలేదు.

"ఏవండీ..."

"తట్టాను... వినబడలేదా?"

లేదండీ. ఒక్క మాట. అందరితో చెప్పిందే. నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"వినబడింది."

"...ఎన్నిసార్లు?"

"మూడుసార్లు. తెర చూశానండీ... సున్నా ఉంది... లేచి రాలేదు. పదడుగులే... నేను లేచి రాలేదండీ..."

కన్నీళ్ళు చెంపల మీదే గడ్డకడుతున్నాయి.

"సరే... ఆ ఒక్కటీ తెలుసుకుందామనే... ఉన్నాను."

భుజం పక్కనుంచి ఏదో చల్లగా రాసుకుంటూ పోయింది. యంత్రం ఒకసారి కూసింది.

లోపల: 1.

బయటికి వచ్చేసరికి ఎలక్ట్రీషియను రెండు చేతులతో తలుపు పట్టుకుని ఉన్నాడు. "ఎవరితో మాట్లాడుతున్నావక్కా?"

ఆవిడ గోడ వంక చూసింది. పదిహేడు ఉన్న మేకు ఖాళీగా ఉంది.

"నువ్వు తీశావా?"

"నేను తలుపు వదల్లేదక్కా. నువ్వేగా వదలొద్దన్నావు."

తన బిళ్ళ తీసుకుంది. బ్యాగు లోపలి అరలో వేసి జిప్పు లాగింది. తెర మీద సున్నా. మెషిన్లు ఆగాయి. ఏడాది తర్వాత మొదటిసారి ఆవిడకి గుండె నిండా గాలి అందింది. వెళ్ళిపోయాడు, విడుదలయ్యాడు, అనుకుంది. దారి పొడుగునా ఏడుస్తూనే నడిచింది. కానీ అది కడుపులో బరువు దిగిపోయే ఏడుపు.

మేడ మీది ఒంటి గది వాళ్ళిల్లు. ఎండ ఇంకా పూర్తిగా పోలేదు. మెట్లెక్కి తాళంచెవి తీస్తుంటే, గుమ్మం బయట మేకు మీద కన్ను పడింది.

పదిహేడు.

నేను లోపలున్నా తల్లీ.

తాళం తీసింది. "ఏవండీ?" అంటూ పరుగున లోపలికి వెళ్ళింది. మంచం. కుర్చీ. గోడకి ఆయన పాత స్వెట్టరు. ఎవరూ లేరు. గది మాత్రం చల్లగా ఉంది. ఊపిరి వదిలితే, మొహం ముందు తెల్లగా...

వెనక తలుపు పడింది.

బయటి గడియ మెల్లగా జరిగింది. టక్కుమంది.

తలుపు పక్క కిటికీలోంచి చూసింది. పదిహేడో నంబరు బిళ్ళ లేదు. ఆ మేకుకే ఇంకో బిళ్ళ ఊగుతోంది. ఇరవై మూడు. బ్యాగు తెరిచింది. జిప్పు వేసినట్టే ఉంది. లోపలి అర ఖాళీ.

తలుపు దగ్గరికి వెళ్ళింది. తట్టింది. ఒకసారి. రెండోసారి. మూడోసారి.

మెట్ల మీద దిగుతున్న అడుగులు ఆగాయి. ఎవరో నిలబడి విన్నారు.

తర్వాత మళ్ళీ దిగాయి... తొందర లేకుండా... కిందికి.

ఆ ఎండలో, మేకుకున్న రేకుబిళ్ళ మీద, మంచు పేరుకుంటోంది.