కడగని కల

సముద్రం మీద పడవలన్నీ కలిపి కుట్టినట్టు తేలే ఊరు తరంగపురం. గాలిమరలు నడిపేవాళ్ళు అక్కడే బతుకుతారు. ఊరి బరువు తగ్గాలని ఇద్దరికి ఒకే మంచం ఇచ్చారు. ఒకరు లేచి పనిలోకి వెళ్తే, పని దిగినవాళ్ళు పడుకోవాలి. మొగుడూపెళ్ళాలకీ అదే రూలు. పెట్టినవాడికి పెళ్ళయిందో లేదో మరి!

ఊగే ఊళ్ళో నిద్ర పట్టదు కాబట్టి ప్రతి మంచానికీ ఒక స్వప్నయంత్రం ఉంది. పడుకున్నవాళ్ళ జ్ఞాపకాల ముక్కలు తీసుకుని, కంప్యూటర్ మెమరీలో పేర్చి, మెత్తని కలగా వాళ్ళకే చూపిస్తుంది.

ఆ ఉదయం పొగమంచు కిటికీ దాకా వచ్చింది. ఇంజనీర్ తబస్సుమ్ ఎదుట నూకరత్నం కళ్ళొత్తుకుంటూ కూర్చుంది.

"నా కలలోకి ఎవత్తో వస్తంది మేడమ్. మొహం సరిగ్గా కనబడదు. జుట్టు ఆరబెట్టుకుంటాది, ఎండలో నడుస్తాది. ఎంత బాగుంటాదో, పాడు మనిషి! ఆ మంచమ్మీద పడుకునే రెండో మనిషి మా ఆయనే గదా?"

ఒకరి కల ఇంకొకరికి రాకూడదే అనుకుంటూ తబస్సుమ్ ఆ యంత్రం ప్రోగ్రాం తెరిచింది. గబగబా వెతికితే తప్పు దొరికింది. ఆపరేటింగ్ సిస్టమ్‌కి మూలమైన కెర్నెల్‌లో, మంచం యంత్రాన్ని నడిపే డ్రైవర్ అనే ప్రోగ్రాం ఉంది. ఒకరి కల అయ్యాక మెమరీని తుడవకుండానే తర్వాతివాళ్ళకి ఇచ్చేస్తోంది.

"హోటల్లో ఒకరు తిన్న కంచం కడక్కుండా ఇంకొకరికి వడ్డించినట్టమ్మా. ఆయన కల ఎంగిలి నీకొస్తోంది."

"ఆయన ఎంగిలి నాకు కొత్తేటి? ఆ కంచంలో ఇంకొకర్తి ఉంటే ఎలాగ తినీది? తీసీండమ్మా. అది కనబడినన్నాళ్ళూ నేనాయనతో కాపరం చెయ్యలేను."

మెమరీ ఇచ్చేముందు సున్నాలతో నింపమని తబస్సుమ్ ఒక్క లైను రాసింది. పరీక్షించి ఊరంతటికీ పంపింది. మంచులో దూరంగా, కొత్త ప్రోగ్రాం అందిందన్న గుర్తుగా మంచాల దీపాలు పచ్చగా వెలిగాయి.

చెరిపేసే ముందు, తప్పు వెతికేటప్పుడు తను పట్టుకున్న పాత కల ముక్కని తెర మీద తెరిచింది. రెయిలింగ్ దగ్గర ఒకామె వీపు తిప్పి నిలబడి జుట్టు ఆరబెట్టుకుంటోంది. ఎండంతా ఆమె మీదే ఉంది.

"అదుగో, అదే మేడమ్!"

తబస్సుమ్ లేచి నూకరత్నం వెనక్కి వెళ్ళి, తెరనీ ఆమెనీ మార్చి మార్చి చూసింది. "అయ్యో రామ! అది నువ్వేనమ్మా. ఆయన కళ్ళతో చూశావు."

నూకరత్నం తెర దగ్గరికి జరిగింది. అద్దంలో మొహం చూసుకోవడమే గానీ, తను వెనకనుంచి ఎలా ఉంటుందో ఆమెకేం తెలుసు? పెళ్ళయ్యాక మొగుడు పైడిరాజు నోటినుంచి బాగున్నావన్న మాట ఒక్కనాడూ వినలేదు.

"పాతదే పెట్టీండి మేడమ్! మా ఒక్క మంచానికే!"

"కుదరదమ్మా. ఊరందరికీ ఒకటే డ్రైవర్. ఎవరి గుట్టు వాళ్ళకుండాలి కదా."

నూకరత్నం తమ గదికి చేరేసరికి షిఫ్టు సైరన్ మోగింది. పని దిగి వచ్చిన పైడిరాజు గది గుమ్మంలో ఆవులిస్తున్నాడు. నూకరత్నం అతని కళ్ళలోకే చూస్తూ నిలబడింది.

"ఏటలా సూస్తన్నావు? డ్యూటీకి టైమయిపోనాది, ఎల్లు."

ఆమె పమిట సర్దుకుని కదిలింది. నడవా చివరిదాకా మెల్లగా, చాలా మెల్లగా నడిచింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.