అరువు ఊపిరి

గోడంత తెర మీద పచ్చ చుక్కలు బారులు తీరి ఉన్నాయి. ఒక్కో చుక్క ఒక్కో డోసు. మొదటి నాలుగు రోజుల్లో నలభై ఒక్క ఎర్ర చుక్కలు పడ్డాయి. ఐదో రోజు నుంచి ఇవాళ్టి ఇరవై మూడో రోజు దాకా ఒక్క ఎరుపు లేదు.

"జనం నేర్చేసుకున్నారు మేడమ్!" అంది ల్యాబ్ టెక్నీషియన్ సుభాషిణి సంబరంగా.

డాక్టర్ పొన్నాడ హైమవతి తెర వైపే చూస్తోంది. ఆ పచ్చ చుక్కల్లో ఒకటి ఆమెది. అది అబద్ధమని ఆమెకు తెలుసు.

సముద్రం ఊరి మీదికి రాకుండా విశాఖపట్నానికి గోడ కట్టి అప్పటికి పదకొండేళ్లయింది. అలలు ఆగాయి గానీ గాలి కూడా ఆగిపోయింది. గోడకూ కొండలకూ మధ్య చెమ్మ ఏడాది పొడుగునా కదలకుండా నిలబడిపోయేది. గోడలకు బూజు, గొంతుల్లో దగ్గు. ఊళ్లో సగం మందికి డాక్టర్లు ఒకటే సిరప్ రాసేవారు. అందులో మూడు మందులు. ఒకటి మెదడులో దగ్గును అణుస్తుంది. రెండోది మూసుకుపోయిన ముక్కును తెరుస్తుంది. మూడోది కారే ముక్కును ఆరబెడుతుంది. చెప్పిన కొలతలో, చెప్పిన వేళకు తాగితే సుఖం. తేడా వస్తే అదే ప్రాణం మీదికి తెస్తుంది. దగ్గును అణిచే మందు మోతాదు మించినా, మద్యంతోనో నిద్రమాత్రతోనో కలిసినా ఊపిరినే అణిచేస్తుంది. ముక్కు తెరిచే మందు రక్తపోటును ఎక్కిస్తుంది. ఇదంతా సీసా మీద రాసే ఉంటుంది. ఎవరూ చదవరు. వంటింటి గరిటెతో కొలుచుకుని తాగి, మిగిలింది పక్కింటివాళ్లకు ఇచ్చేవారు.

అందుకే హైమవతి మూత కనిపెట్టింది.

అది సీసాకు బిగించే మూతే. నిమ్మకాయంత ఉంటుంది. రోగి దాని రంధ్రంలో గట్టిగా ఊదాలి. లోపలి సెన్సర్లు ఆ ఊపిరిలో మద్యం ఉందా, నిద్రమాత్ర ఉందా, ఇంకేదైనా పొసగని మందు ఉందా అని అర నిమిషంలో తేలుస్తాయి. అన్నీ సవ్యంగా ఉంటే అయిదు మిల్లీలీటర్లు కొలిచి చిన్న గిన్నెలోకి వదులుతుంది. మళ్లీ వేళయ్యేదాకా తెరుచుకోదు. ఏదైనా తేడా ఉంటే మాత్రం తెరుచుకోకపోవడమే కాదు, ఎందుకు తెరుచుకోవడం లేదో పైకి చెబుతుంది. ఆడగొంతు, మర్యాద గల గొంతు, గది మొత్తం వినిపించేంత గొంతు.

"చెవిలో చెప్పినట్టు చెబితే చాలదా మేడమ్? ఇంట్లో నలుగురూ ఉంటారు కదా" అని ఒక నర్సు మొదట్లోనే అడిగింది.

"నలుగురూ వింటేనే జాగ్రత్తపడతారు. కాస్త సిగ్గేస్తేనే మనిషి మారతాడు" అంది హైమవతి అప్పుడు.

ముందుగా లంగరుపేటలో మూతను ప్రయోగించి చూస్తున్నారు. పరిశోధన కేంద్రం సిబ్బంది కూడా ఆ ప్రయోగంలో ఉన్నారు. పది రోజులుగా హైమవతికీ దగ్గే. కానీ ఆమె ఎనిమిది నెలలుగా నిద్రమాత్ర వేసుకుంటోంది. ఆ సంగతి ఎవరికీ తెలియదు. సిరప్ రాసిన డాక్టరుకూ చెప్పలేదు. మూత తెరుచుకోకపోతే తెర మీద చుక్క ఎరుపవుతుంది, పక్కనే పేరు, కారణం పడతాయి. నిద్రమాత్ర వేసుకుంది రాత్రి కదా, ఈపాటికి దిగిపోయి ఉంటుందని తనకు తానే చెప్పుకుంది. తన విద్యార్థి ఎవరైనా ఆ మాట పరీక్షలో రాస్తే సున్నా వేసేది.

"సుభాషిణీ, నా మూతలో నువ్వు ఓసారి ఊదమ్మా. ఇప్పుడే మిరియాల కషాయం తాగాను, రీడింగ్ తప్పు వస్తుంది" అంది ఆ ఉదయం.

సుభాషిణి మారు మాట్లాడకుండా ఊదింది. మూత తెరుచుకుంది. హైమవతి గిన్నె ఎత్తి తాగింది. తెర మీద ఆమె పేరిట పచ్చ చుక్క వెలిగింది.

ఇప్పుడు ఆ చుక్కనే చూస్తూ ఉంటే ఒక ఆలోచన వచ్చింది. తాను చేసిన పని ఇంకెవరూ చేయరని నమ్మకమేమిటి?

ప్రయోగం జరుగుతున్న లంగరుపేట ఆటోలో పావుగంట దూరం. ఆమె చేరేసరికి పదకొండు దాటింది. రెండో వీధి మొదట్లో ఒక పెంకుటింటి అరుగు మీద ఇరవై దాకా సిరప్ సీసాలు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కో దానికీ గుర్తుగా ఒక్కో రంగు దారం కట్టి ఉంది. అరవై దాటిన ఒకావిడ ఒక్కొక్కటే తీసి, నిదానంగా ఊది, గిన్నెలోకి దిగిన మందును వచ్చినవాళ్ల చేతికిస్తోంది. ఆమె పేరు పైడమ్మ. చుట్టనీ కల్లునీ ఎరగని మనిషి. ఒంట్లో ఏ జబ్బూ లేదు, ఏ మందూ వాడదు. పేటలో అంత శుభ్రమైన ఊపిరి ఇంకెవరికీ లేదు.

"ఇది తప్పు కదమ్మా?" అంది హైమవతి తానెవరో చెప్పి.

పైడమ్మ బెదరలేదు. "ఏటి తప్పు డాక్టరమ్మా? ఊపిరే గదా, అరిగిపోద్దా? మా ఈధిలో ఓ పిల్ల మనసు బాగోక మాత్రలు ఏసుకుంటాది. అత్తకి తెల్దు. మీ మూత అత్త ముందరే సెప్పేసినాది. మూడ్రోజులు అన్నం తిన్లేదా పిల్ల. సూడలేక నానూదినాను. మరి ఒకరికి ఊది ఇంకొకరికి నేదంటానా?"

"ఆ మాత్రల మీద ఈ మందు పడకూడదమ్మా. ప్రాణం పోవచ్చు."

పైడమ్మ చేతిలో సీసా ఆగింది. "ఆ ముక్క మాకెవులు సెప్పినారు? మూత సిగ్గు తీసిందే గానీ సావొస్తాదని సెప్పనేదు."

అదే సమయానికి మూడో ఇంట్లోంచి కేక వినిపించింది. "వదినో! మా ఆయన లేవట్నేదు!"

అరిచింది నూకరత్నం. ఆమె భర్త సూర్యారావు పోర్టులో క్రేన్ ఆపరేటరు. రెండు గంటలకు డ్యూటీ ఎక్కాలి. పొద్దున బ్రాందీ తాగాడు. తరవాత పైడమ్మ ఊదిచ్చిన సిరప్ తాగి పడుకున్నాడు. ఇప్పుడు మంచం మీద వెల్లకిలా పడి ఉన్నాడు. పెదాలు నీలి రంగుకు తిరిగాయి. ఒక ఊపిరికీ మరో ఊపిరికీ మధ్య హైమవతి పన్నెండు అంకెలు లెక్కపెట్టింది.

నూకరత్నం చెంబుతో నీళ్లు తెచ్చి నోట్లో పోయబోయింది.

"వద్దు! ఏమీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి. ఏం తాగాడో దాచకుండా చెప్పండి" అని హైమవతి అతన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టింది. గడ్డం పైకెత్తి పట్టుకుంది. "సూర్యారావ్! ఊపిరి తియ్యి! ఇంకోటి తియ్యి!" అని చెవిలో అరుస్తూ భుజం గట్టిగా నొక్కుతూనే ఉంది. అంబులెన్స్ రావడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. విరుగుడు సూది వేశాక అతని ఛాతీ పెద్దగా ఎగసింది.

మంచం దిగువన నేల మీద పైడమ్మ కూలబడి ఉంది. "నా ఊపిరే తీసినాదా అమ్మా ఆడి ఊపిరి?" అంది. హైమవతి ఆమె కళ్లలోకి చూడలేకపోయింది.

మూడో రోజు ఆస్పత్రిలో సూర్యారావు లేచి కూర్చున్నాడు. హైమవతిని చూడగానే దుప్పటి మెడదాకా లాక్కున్నాడు.

"రోజూ తాగుతానన్న సంగతి డాక్టరుకు ఎందుకు చెప్పలేదు?"

"మీరెవులూ అడగనేదమ్మా. మూతే అడిగినాది, ఆపాటికి మా వియ్యాలోరు ఇంట్లో కూకున్నారు. పిల్లకి తాంబూలాలు పుచ్చుకోడానికొచ్చినారు. 'సూర్యారావు గారూ, మీ శ్వాసలో మద్యం ఉంది' అన్నాది. గారూ అని మరీ అన్నాది." అతను గోడవైపు తిరిగాడు. "ఆళ్లు కాఫీ గ్లాసులు కింద పెట్టేసి నెగిసిపోనారు. మా పిల్ల నాతో మాటాడ్డం మానేసినాది. అప్పుట్నించీ పైడప్ప కాడికే ఎల్తన్నాను."

తన సంగతి అప్పుడే చెప్పేద్దామనుకుంది హైమవతి. నాలుక చివరిదాకా వచ్చింది. "జాగ్రత్తగా ఉండండి" అని మాత్రం అని లేచింది. వరండాలో నడుస్తుంటే తన చెప్పుల చప్పుడు తనకే భరించలేనట్టుగా ఉంది.

వారం తరవాత సమీక్షా సమావేశం. ఆరోగ్య శాఖ కార్యదర్శి, అధికారులు ముందు వరసలో కూర్చున్నారు. పేట తరఫునంటూ పైడమ్మనూ సూర్యారావునూ వెనక కుర్చీల్లో కూర్చోబెట్టారు. హైమవతి ముందు రాత్రంతా ఆలోచించింది. జరిగింది చెప్పాలి. ఆ గొంతు తీసేయించాలి. డాక్టరు రోగిని గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి, ఏమేం వాడుతున్నారో అడిగి, ఏది దేనితో పడదో చెప్పాకే సీసా చేతికివ్వాలని అడగాలి. అందుకు ముందు తన తప్పు నలుగురిలో బయటపడాలి.

బల్ల మీది సీసా అందుకుంది. సుభాషిణి కంగారుగా ముందుకు రాబోతే చేత్తో ఆపింది. సొంత ఊపిరి ఊదింది.

"హైమవతి గారూ, మీ శ్వాసలో నిద్రమాత్ర ఉంది. ఇప్పుడు దగ్గు మందు ఇవ్వలేను. దయచేసి మీ డాక్టరుకు చెప్పండి."

ముందు వరసలో తలలు పైకి లేచాయి. తరవాత కార్యదర్శి చప్పట్లు కొట్టాడు. వెంటనే అందరూ కొట్టారు.

"అద్భుతం డాక్టర్ గారూ! కనిపెట్టినవాళ్లను కూడా వదలదని ఎంత చక్కగా చూపించారు!"

"ఇది ప్రదర్శన కాదండీ." ఆమె సీసా బల్ల మీద పెట్టేసింది. "నేను నిజంగానే వాడుతున్నాను. ఎనిమిది నెలలుగా. మూతను మోసం చేశాను. మా ల్యాబ్ టెక్నీషియన్ చేత ఊదించుకుని తాగాను. ఈ మూత వల్ల ఒక మనిషి చావుదాకా వెళ్లాడు."

"ఆ సంఘటన ఫైలులో చూశాం. మీలాంటి నిపుణులకు ఏ మందు ఎంతలో వాడాలో మేం చెప్పాలా? పేటల్లోవాళ్ల సంగతి వేరు" అని నవ్వాడాయన. "ఊపిరి మార్చకుండా మూతకు కెమెరా పెట్టిద్దాం. ఆ గొంతు మాత్రం ఉండాల్సిందే. నాకే ఒళ్లు జలదరించింది. ఇంకాస్త పెంచండి."

ఆమె మళ్లీ చెప్పబోయింది. అప్పటికే కుర్చీలు కదులుతున్నాయి, టీ కప్పులు వస్తున్నాయి. ఇద్దరు అధికారులు దగ్గరికొచ్చి ఆమె నటన చాలా సహజంగా ఉందని మెచ్చుకున్నారు.

హాలు సగం ఖాళీ అయ్యాక సూర్యారావు మెల్లగా వచ్చి, రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. ఆమె తలెత్తలేదు.

"మీరు సెప్పింది నిజమేనా అమ్మా?"

"నిజమే."

అతను టీ కప్పుల దగ్గరున్న అధికారుల వైపు చూశాడు.

"మీ నోటితో మీరే సెప్పినా ఒక్కలూ నమ్మనేదు" అన్నాడు. "ఆ రోజు మా ఇంట్లో నాను నోరిప్పకుండానే అందరూ నమ్మేసినారు."