చేరేదాకా చీపురు ముట్టొద్దు

ఆదివారం మధ్యాహ్నం కాళ్ల కింద దుమ్ము కరకరలాడుతుంటే సుమనకు ప్రాణం విసిగిపోయింది. ఐదు రోజులైంది ఆ ఇంట్లో చీపురు కదిలి! కూతురు మయూరి చదువుకోసం జర్మనీకి బయలుదేరిన రోజునే అత్తగారు అనుసూయాబాయి చీపురును తన మంచం కింద దాచేసింది. ఇంట్లోంచి మనిషి ప్రయాణమైతే, చేరిన కబురు వచ్చేదాకా ఇల్లు ఊడ్వకూడదని ఆమె పట్టు. ఆమె కొడుకు, సుమన భర్త గజానన్ మహారాష్ట్ర ప్రభుత్వ ఎస్టీ బస్సు డ్రైవరు. ఆయన బస్సు నాందేడ్ నుంచి దెగ్లూర్ చేరిందని ఫోన్ వచ్చాకే రోజూ ఇల్లు ఊడ్చేది. అదంటే రెండు గంటల సంగతి కాబట్టి సుమన ఎన్నడూ నోరెత్తలేదు. కానీ ఐదు రోజులా!

"అత్తమ్మా, చీపిరియ్యి. వారమంత బళ్లె పిల్లలతోని నోరు నొచ్చేదాక మొత్తుకున్న. ఇయ్యాల గాకుంటే ఇగ నాతోని గాదు."

"పోరి ఇంక చేరలే."

"చేరి నాలుగు రోజులాయె! విమానం దిగంగనే ఫోన్ చెయ్యలే? రూం జూపియ్యలే? నువ్వు రోజు మాట్లాడ్తలేవా?"

"మాట్లాడుతున్న. గందుకే అంటున్న. దాని గొంతు ఇంక తొవ్వల్నే ఉన్నది."

సుమనకు ఒళ్లు మండింది. "బస్, ఇగ చాలు! మీరందరు వద్దంటే కొట్లాడి పంపింది నేనే. అది ఏడ్సుకుంట తిరిగొస్తే గని నీ మనసు సల్లవడదా?"

అంతలో ఫోన్‌లో వీడియో కాల్ మోగింది. మయూరే.

"తిన్నవా?" అని అడిగింది సుమన.

"తిన్న."

"నిద్రవట్టిందా?"

"మంచిగ పట్టింది."

"ఇన్నవా? ఇగ నువ్వే అడుగు," అంటూ ఫోన్ అత్తగారి ముఖం ముందు పెట్టింది.

అనుసూయాబాయి మనవరాలిని కాసేపు చూసింది. "బిడ్డా, సంచి ఇప్పినవా?" అంది.

చూస్తుండగానే మయూరి ముఖం ముడుచుకుపోయింది.

"లే బాపమ్మా. ఇప్పబుద్ధైతలే. చలికోటు తోనే పంటున్న, పొద్దుమాపు బ్రెడ్డే తింటున్న. సంచి ఇప్పితే ఇగ ఈడనే ఉండాలె గద అని భయమైతున్నది. అమ్మ అందరితోని కొట్లాడి పంపింది. ఆమెకెట్ల చెప్పాలె?"

సుమన ఆ దుమ్ములోనే కూలబడింది. నాలుగు రోజులుగా తిన్నావా అని అడుగుతోంది గానీ, తిన్నానన్న మాట తప్ప మరొకటి వినే ధైర్యం తనకే లేదు. బిడ్డకు అది తెలుసు. అందుకే అబద్ధమాడింది. సుమనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"మయూ, రాబుద్ధైతే వచ్చెయ్ తల్లీ. నవ్వేటోళ్లను నవ్వనీ. నేనేమనుకోను," అంది, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

"అచ్చేటిదైతే అస్తది తియ్," అంది అత్తగారు. "ముందుగాల సంచి ఇప్పు. నేను కుట్టిన బొంత అండ్లనే ఉన్నది. ఇయ్యాల అది కప్పుకొని పండు. రేపు గూడ రాబుద్ధైతే మీ బాపుకు నేనే చెప్త."

జిప్పు చప్పుడు వినిపించింది. వెంటనే ఓ కేక.

"అయ్యో! జొన్నపిండి పొట్లం పలిగింది! బొంత మీద పిండి, బట్టల మీద పిండి, రూమంత పిండే అమ్మా!" మయూరి ముక్కు తుడుచుకుంటూ నవ్వుతోంది. "ఈడ చీపిరి ఏడ దొరుకుతదో ఏమో. ఉండు, పక్క రూం పిల్లను అడిగొస్త."

ఫోన్ మంచం మీదే వదిలేసి పరుగెత్తింది. ఎక్కడో తలుపు తట్టిన చప్పుడు, తర్వాత ఇద్దరు ఆడపిల్లల నవ్వులు. జర్మనీ వెళ్లాక బిడ్డ నవ్వు వినడం సుమనకు ఇదే మొదలు.

అనుసూయాబాయి మోకాలు పట్టుకుని వంగి, మంచం కింది నుంచి చీపురు లాగింది.

"ఇగో, ఊడ్వు. పోరి చేరింది."

సుమన చీపురు అందుకుంది. దాంతోపాటు అత్తగారి చేతిని కూడా పట్టుకుని, చాలాసేపు వదల్లేదు.