ఫోనెత్తింది నాన్నే

పొద్దున్నే కాలేజీకి తయారైన కూతురు వంటింట్లో కొత్తగా పరిచిన టైల్స్ మీద నుంచి మామూలుగా నడిచి వచ్చి కూర్చుంది. అన్నం తింటున్న తండ్రి మనసు చివుక్కుమంది. ఇదివరకైతే కొత్త గచ్చు కనబడితే చాలు, చుట్టాలిల్లయినా సరే, చతికిలబడి వేలి కణుపుతో కొట్టి "ఇక్కడ కింద డొల్ల!" అని అందరి ముందూ పరువు తీసేది.

"నిన్న నేనేసిన టైల్స్ కొట్టి చూడవే," అన్నాడు.

"నాకేం తెలుస్తుంది నాన్నా? పరీక్షలోనే తేలిపోయిందిగా, నా చెవి పనికిరాదని."

ఆయన టైల్స్ మేస్త్రీ. మోకాళ్లు ఎప్పుడో అరిగిపోయాయి. కూతురు ఆ పనే నేర్చుకుంటానని శిక్షణ కేంద్రంలో, టైల్స్ కొట్టి డొల్ల కనిపెట్టే పరీక్షకు వెళ్లింది. ఫలితం చెప్పడానికి ఫోన్ వచ్చినప్పుడు ఆమె స్నానం చేస్తోంది. ఫోనెత్తిన తండ్రి "మా అమ్మాయి కాలేజీలో చేరుతోందండీ" అని తేల్చేసి, ఆమెతో మాత్రం "సీటు రాలేదటమ్మా" అన్నాడు. ఈ నొప్పులు బిడ్డకెందుకని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటుందనుకున్నాడు. ఆమె ఏడవలేదు. నిజమేనని నమ్మేసింది.

"ఏంటండీ, ముద్ద మింగుడుపడట్లేదా?" అంది భార్య.

"పడట్లేదే." కూతురి వైపు తిరిగాడు. "నీకు సీటొచ్చిందమ్మా. నేనే అబద్ధం చెప్పాను."

కూతురు దిగ్గున లేచింది. భుజం మీది బ్యాగు జారిపడింది.

"వద్దంటే పోట్లాడేదాన్ని! అలిగేదాన్ని, అన్నం మానేసేదాన్ని. నాకు చేతకాదని నమ్మించావేంటి నాన్నా?"

"దాని మోకాళ్లు కాపాడబోయి మనసు విరిచేశారు కదండీ!" అంది భార్య.

ఆయన శిక్షణ కేంద్రానికి ఫోన్ కలిపాడు. కూతురు చెయ్యి చాపి స్పీకర్ నొక్కింది.

"సార్, ఆ రోజు అబద్ధమాడాను. మా అమ్మాయికి చేరాలనే ఉంది."

"అయ్యో, ఆ సీటు వేరేవాళ్లకి ఇచ్చేశామండీ. వచ్చే బ్యాచ్‌కి మళ్లీ పరీక్షకి పంపండి. అప్పుడే చెప్పాను కదా, అందరిలోకీ మీ అమ్మాయే ఫస్టని!"

ఫోన్ పెట్టేశాక కూతురు మెల్లగా అడిగింది. "ఇది కూడా దాచావా?"

"దాచాను తల్లీ," అన్నాడాయన తలెత్తలేక. "అది విన్నప్పుడు ఎంత పొంగిపోయానో, అదీ దాచాను."

ఆమె వచ్చి పక్కనే కూలబడి, ఆయన భుజం మీద తల పెట్టి భోరుమంది.

"ఇప్పుడు చెప్పు," అంది వెక్కుతూనే. "సార్ ఆ రోజు ఏమన్నారో మొత్తం చెప్పు."

కన్నీళ్లు తుడుచుకోకుండానే ఆయన మొదలుపెట్టాడు.